ఒంటబట్టిన చదువు

‘చదువు ఒంటబట్టింది’ అంటాం. కొందరు ‘వంటబట్టింది’ అని రాస్తారు కానీ, వంటతో ఈ మాటకు చుట్టరికం లేదు. ఇల్లు, ఇంటి, ఇంట అన్నట్టే ఒళ్ళు, ఒంటి, ఒంట. ఒంట పట్టడమంటే ఒంటికి పట్టడం. బిడ్డ ఎంత తిన్నా చిక్కిపోతుంటే ‘తిండి ఒంటబట్టడం లేదు’ అని దిగులుపడే తల్లి, పుస్తకం ముందు కూర్చున్నా ఏమీ రాని పిల్లాడి గురించీ అదే మాట అంటుంది. తిన్నది రక్తమాంసాలైనట్టు చదివింది మనిషిలో కలిసిపోవాలి. ఎంత గొప్ప ఊహ!

పాఠం నోటికి వస్తుంది, లెక్కలు తలకెక్కుతాయి, పనిలో చెయ్యి తిరుగుతుంది. తెలుగులో నేర్పుకు ఒళ్ళంతా చోటే. నాకు మాత్రం వీటన్నిటిలోకీ ఒంటబట్టడమే ఇష్టం.

మా అమ్మ దగ్గర గారెలు వేయడం నేర్చుకున్నాను. తడి అరిటాకు మీద పిండి అద్ది, మధ్యలో చిల్లు పెట్టి నూనెలోకి జార్చాలి. మొదట్లో అన్నీ వేళ్లకే అంటుకునేవి. ఇప్పుడు మాట్లాడుతూనే వేసేస్తాను. పిండిలో ఉప్పెంత అని అడిగితే మాత్రం చెప్పలేను, వేసి చూపిస్తాను.