ఉపవాసం చూపిన వైద్యమార్గం



మత్తయి సువార్త 17వ అధ్యాయంలో ఒక తండ్రి తన కుమారుని కోసం ప్రభువు ఎదుట మోకాళ్లూనడం మనం చదువుతాం. మన తెలుగు బైబిలు ఆ బిడ్డను చాంద్రరోగి అంటుంది. నిప్పులోను నీళ్లలోను పడిపోయే ఆ బిడ్డ లక్షణాలు చూస్తే మనం ఫిట్స్ అని పిలిచే మూర్ఛరోగమే గుర్తొస్తుంది. ఈ రోగానికీ ఉపవాసానికీ వైద్య చరిత్రలో పాత సంబంధముంది. ప్రాచీన గ్రీకు వైద్యులు కూడా మూర్ఛరోగికి ఆహారం ఆపి చూశారు.

1911లో పారిస్‌లో గెల్పా, మారీ అనే వైద్యులు ఉపవాస చికిత్స ఫలితాలను ప్రచురించారు. తరువాత అమెరికాలోనూ ఉపవాసమున్న రోగులకు మూర్ఛలు తగ్గడం వైద్యులు గమనించారు. అయితే బిడ్డను ఎన్నాళ్లు పస్తుంచగలం? తిండి మొదలుపెడితే చాలామందికి మూర్ఛలు తిరిగొచ్చేవి.

1921లో మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ దీనికి ఒక దారి చెప్పాడు. ఉపవాసంలో శరీరం తనలోని కొవ్వును వాడుకుంటుంది. కాలేయం ఆ కొవ్వునుండి కీటోన్లు తయారుచేస్తుంది. గ్లూకోజు తగ్గినప్పుడు మెదడు వాటిని ఇంధనంగా వాడుకుంటుంది. అందుచేత పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా పెడితే, బిడ్డ తింటున్నా శరీరం ఉపవాసంలో ఉన్నట్టే నడుస్తుందని ఆయన ఆలోచన. కీటోజెనిక్ ఆహారమని పేరు పెట్టింది ఆయనే. అక్కడి వైద్యుడు పీటర్‌మన్ కొలతలు చెప్పాడు: కిలో బరువుకు 1 గ్రాము మాంసకృత్తులు, రోజుకు 10 నుండి 15 గ్రాముల పిండిపదార్థాలు, మిగతాదంతా కొవ్వు. గుప్పెడు అన్నం తింటే ఆ రోజు లెక్క అయిపోయినట్టే!

1938లో ఫెనిటోయిన్ అనే మందు మూర్ఛకు పనిచేస్తుందని తేలింది. ప్రతి ముద్దా తూచి పెట్టడం కంటే మాత్ర వేయడం తేలిక కదా. క్రమంగా ఈ ఆహారం మరుగునపడింది.

1990లలో అమెరికాలో చార్లీ అబ్రహమ్స్ అనే చిన్నవాడికి మందులేవీ పనిచేయలేదు. సినిమా దర్శకుడైన అతని తండ్రి జిమ్ పుస్తకాలు వెదికి ఈ పాత చికిత్సను కనుగొన్నాడు. జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఆ ఆహారం మొదలుపెట్టాక బిడ్డకు మూర్ఛలు ఆగాయి. 1994లో ఆ కుటుంబం చార్లీ ఫౌండేషన్ స్థాపించింది. 2008లో లండన్ వైద్యులు 145 మంది పిల్లలతో చేసిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. మూడు నెలలకు, ఈ ఆహారం తీసుకున్నవారిలో 38 శాతం మందికి మూర్ఛలు సగానికి పైగా తగ్గాయి. తీసుకోనివారిలో అలా తగ్గింది 6 శాతం మందికే.

ప్రియులారా, ఇది అందరికీ పనిచేసే చికిత్స కాదని ఆ అంకెలే చెబుతున్నాయి. దీనివల్ల మూత్రపిండాల్లో రాళ్లు రావచ్చు, బిడ్డ ఎదుగుదల మందగించవచ్చు. కొన్ని జన్మతః వచ్చే లోపాలున్న పిల్లలకు ఇది ప్రాణాపాయం కూడా. కాబట్టి డాక్టరు, ఆహార నిపుణుల పర్యవేక్షణ లేకుండా ఇంట్లో ప్రయత్నించకండి. మూర్ఛ మాత్రలు సొంతంగా ఆపకండి.

సువార్తలోని తండ్రి గాని, చార్లీ తండ్రి గాని బిడ్డను నలుగురికీ కనబడకుండా దాచలేదు. మన ఊళ్లలో ఇంకా గాలి సోకిందని దాచేవారు, చేతిలో తాళాలు పెట్టి ఊరుకునేవారు ఉన్నారు. పెళ్లి కాదేమోనని ఆసుపత్రికే తీసుకెళ్లని ఇళ్లూ ఉన్నాయి. అలాంటి ఇంటికి మనం వెళ్లి ప్రార్థన చేద్దాం, ఆ బిడ్డతో పాటు ఆసుపత్రికీ వెళ్దాం. మందు వాడటం అవిశ్వాసం కాదు.

ప్రభువు కృప మీ కుటుంబాలకు తోడైయుండును గాక. ఆమేన్.