రేవు దాటి వచ్చిన సామాను

అమలాపురంలో ఇల్లు కొనుక్కున్న కొత్త జంట సామాను కోసం ఇప్పుడు ఊరు దాటనక్కర్లేదు. మంచం, పరుపు, సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ అన్నీ బజారులోనే ఉంటాయి. వాయిదాల మీద ఇస్తారు, సాయంత్రానికల్లా గుమ్మం ముందు దింపుతారు. ఇది నిన్నగాక మొన్న వచ్చిన సదుపాయం. ఇటు గోదావరి పాయ గౌతమి, అటు వశిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. చుట్టూ నీళ్ళున్న ఈ కోనసీమలో చాలాకాలం ఇంటి సామాను రెండే రకాలు. ఒకటి ఇక్కడ పుట్టినది, రెండోది రేవు దాటి వచ్చినది.

ఇక్కడ పుట్టినదంటే ముందు కొబ్బరి. దాని మాను చీల్చితే దూలాలు, వాసాలు. పీచు పేనితే మంచానికి అల్లే తాడు. ఆకు అల్లితే దడి. మట్టలూ డొక్కలూ పొయ్యిలోకి. దీనికి తోడు తుంగచాపలు, కుమ్మరి కుండలు, దిండ్లలోకి బూరుగుదూది. పేదింటి కాపురం వీటితోనే మొదలయ్యేది, చాలా ఇళ్ళలో వీటితోనే గడిచిపోయేది. నులకమంచం పగలు గోడకు చేరగిలబడి ఉంటే ఆ చోటే వంటిల్లు, ఆ చోటే పడకటిల్లు. సామాను తక్కువ కావడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. వరద వచ్చినప్పుడు అటకెక్కించగలిగినదే దక్కుతుంది.

రేవు దాటి వచ్చిన సామానుకు అసలు ఊపు 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో వచ్చింది. దాన్ని కట్టించిన కాటన్ దొర అనగానే వరిచేలే గుర్తొస్తాయిగానీ ఆ ఆనకట్ట కాలవలు దారులు కూడా. పడవకి తాడు కట్టి గట్టు మీద మనుషులు లాగుకుంటూ పోయేవారు. లొల్ల లాంటి చోట్ల లాకుల్లో నీటిమట్టం సరిచేసి పడవల్ని పైకీ కిందికీ పంపేవారు. 1850లలోనే గన్నవరం దగ్గర వైనతేయ మీద నలభై తొమ్మిది ఖానాల అక్విడక్టు కట్టి రాజోలు వైపు నాగరం లంకకు నీళ్ళిచ్చారు. ధాన్యం పడవల్లో పోయింది, తిరిగొచ్చే పడవల్లో డబ్బు, కలప, ఇత్తడి వచ్చాయి. ఎగువ అడవుల టేకు దుంగల్ని తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రి దాకా వదిలేవారు. కోరంగి, కాకినాడల నుంచి రంగూన్‌కి ఓడలు తిరిగిన కాలంలో బర్మా టేకూ వచ్చింది.

ఆ డబ్బూ ఆ కలపా కలిసి కట్టినవే మండువా లోగిళ్ళు. చుట్టూ వసారాలు, నడుమ ఆకాశం, వానొస్తే చూరు నీళ్ళు పట్టడానికి గంగాళాలు. ఇంత పెద్ద ఇంట్లోనూ కుర్చీలూ బల్లలూ తక్కువే. భోజనానికి పీటలు, కూర్చోడానికి అరుగు, పెద్దాయనకు పడక్కుర్చీ, ఆడవాళ్ళకూ పిల్లలకూ ఉయ్యాలబల్ల, బట్టలకూ నగలకూ భోషాణం. ఇంటి వైభవమంతా పందిరిమంచంలో ఉండేది. ఆ మంచానికి ఒక గుణముంది: కోళ్ళు, పట్టెలు, పందిరి స్తంభాలు, పైచట్రం దేనికది విడదీసి, మళ్ళీ బిగించుకోవచ్చు. కోనసీమలో అది అంతగా కుదురుకోవడానికి చెక్కడపు సోకు కన్నా, విడదీసి పడవలో వేసుకోగలగడమే కారణమని నా అనుమానం.

ఇత్తడికి దూరం పోనక్కర్లేదు, వశిష్ఠ దాటితే పెరవలి పక్కన అజ్జరం ఉంది. బిందెలు, గంగాళాలు, కాగులు, గుడిగంటలు చేసే ఊరు. పెళ్ళి నిశ్చయమైతే ముందు ఇత్తడి సామాను చూసుకోవాలి. కళాయివాడు ఏడాదికోసారి ఊళ్ళోకి వచ్చి నవాసాగరం చల్లి తగరం పూసి వెళ్ళేవాడు, లేకపోతే పులుసు చిలుమెక్కుతుంది. లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చినవాళ్ళకు కూడా అన్నం పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వంటింటి గంగాళాలు ఎంతవో, వాటిని తోమినవాళ్ళెవరో మాత్రం ఎవరూ చెప్పుకోరు.

ఈ సామాను చరిత్ర చదవాలంటే గిన్నెల్ని బోర్లించాలి. ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన పేర్లు కనిపిస్తాయి. ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు, ఒక్కోసారి తేదీ, ఊరు. మేనమామ ఇచ్చిన చెంబు, అమ్మమ్మ పెట్టిన మరచెంబు, గృహప్రవేశానికి చదివించిన పళ్ళెం. ఉమ్మడి కుటుంబం విడిపోయినప్పుడు ఏది ఎవరిదో తేల్చేది ఆ చుక్కలే. ఆస్తి కాగితాలన్నీ మగవాళ్ళ పేరున ఉన్న ఇళ్ళలో ఆడవాళ్ళ పేర్లు నిలిచిన చోటు బిందె మెడ. తరవాత స్టీలు వచ్చి కరెంటు మిషనుతో పేర్లు చెక్కడం మొదలయ్యాక అక్షరాలు గొలుసుకట్టులోకి మారాయి, ఆనవాయితీ మాత్రం మారలేదు. ఆ స్టీలు కోసమే ఎన్నో ఇళ్ళలో అటక మీది ఇత్తడి తూకానికి వెళ్ళిపోయింది. పట్టుచీరల జరీ ఇచ్చి డబ్బాలు తీసుకున్నవారూ ఉన్నారు. తళతళలాడే గిన్నెకి కళాయి అక్కర్లేదు, చింతపండు పెట్టి తోమక్కర్లేదు. వాళ్ళని తప్పుపట్టేది ఇత్తడి తోమి ఎరగనివాళ్ళే.

ఇంతకీ కొత్త కాపురానికి సామాను కొన్నదెవరు? అమ్మాయి పుట్టింటివారు. మంచం, పరుపు, బీరువా, బిందెలు, పీటలు, చివరికి చీపురుకట్ట దాకా సారెలో వెళ్ళేవి. కోనసీమ సారె అనగానే కావిళ్ళ కొద్దీ మిఠాయిలు తలుచుకుంటారుగానీ దాని వెనకాల బండి మీద వచ్చే చెక్కసామానే అసలు బరువు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. 1985 నిబంధనల ప్రకారం వధూవరులకిచ్చే కానుకల జాబితా రాసి ఉంచుకోవాలి. జాబితాలు మనవాళ్ళు అంతకుముందూ రాసేవారు, అయితే అవి అడిగేవాళ్ళు రాసి పంపినవి.

ఆ జాబితాలో భోషాణాన్ని పక్కకు తోసింది ఇనుప బీరువా. గోద్రెజ్ కంపెనీ 1897లో తాళాలతో మొదలై 1923లో ఉక్కు బీరువాలు చేయడం మొదలుపెట్టింది. ఊళ్ళలో వెల్డింగు షాపులు వచ్చాక రేకు తెచ్చి ఇక్కడే చేశారు, కానీ ఎవరు చేసినా అది గోద్రెజ్ బీరువాయే. తలుపుకి నిలువుటద్దం, లోపల లాకరు, అడుగున పట్టుచీరల వాసన. దాన్ని విడదీయలేం. రెండు పడవలు జతకట్టి పైన బల్లలు పరిచిన పంటు మీద, నలుగురు పట్టుకుంటే రేవు దాటేది. ఒడ్డుకు దించేటప్పుడు కాలు జారితే ఆ పెళ్ళి కబుర్లలో బీరువాకే మొదటి స్థానం.

కొన్ని వస్తువులు చాలా దూరం నుంచి వచ్చాయి, కొన్ని దూరం పోవలసినవి ఇంట్లోనే ఉండిపోయాయి. నరసాపురం ప్రాంతంలో పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక వశిష్ఠ దాటి రాజోలు, సఖినేటిపల్లి వైపు ఆడవాళ్ళ చేతుల్లోకీ వచ్చింది. ఆ టేబుల్ క్లాతులు విదేశాల భోజనబల్లల మీదికి పోయేవి. అల్లినావిడ ఇంట్లో భోజనబల్లే ఉండేది కాదు. మిగిలిన దారంతో చేసిన ముక్క రేడియో మీద, తరవాత టీవీ మీద పరిచేవారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది, కూలి సంగతి వేరే కథ.

ఇంకో దారి కువైట్ నుంచి. కోనసీమ ఆడవాళ్ళు అక్కడ ఇళ్ళలో పనికి వెళ్ళి పంపిన డబ్బుతో పూరిళ్ళు డాబాలయ్యాయి. టేప్ రికార్డరు, ప్లాస్కు, పులి బొమ్మో గులాబీలో ఉన్న బరువైన దుప్పటి కూడా అక్కణ్ణించే వచ్చాయి. మన ఉక్కపోతలో ఆ దుప్పటి కప్పుకునే రోజులు ఎన్నో మీకు తెలుసు, అయినా అది మడతపెట్టి మంచం మీద కనబడాలి. సారెగా పుట్టింటివారు కొనిస్తే వచ్చే సామాను, మొదటిసారి ఒక ఆడమనిషి సంపాదనతో వచ్చింది. ఈ కథలో అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదేనంటాను. దీన్ని గురించి రాసినవాళ్ళు తక్కువ.

పరుపు కథ ఇంకోలా తిరిగింది. దూదేకులవారు విల్లుతో దూది ఏకి కుట్టిచ్చిన పరుపుల స్థానంలో కొబ్బరిపీచుకి రబ్బరుపాలు కలిపి నొక్కిన పరుపులు వచ్చాయి. కర్ణాటకలో 1962లో పుట్టిన కర్లాన్ పేరు మన నోట ఆ రకం పరుపులన్నిటికీ అంటుకుంది. దింపు తీసిన కాయల పీచు చెరువుగట్ల మీద గుట్టలుపడే ఊళ్ళో, అదే పీచు పరుపై, ప్లాస్టిక్ తొడుగుతో, గ్యారంటీ కార్డుతో లారీ దిగింది. గ్యాసు సంగతీ ఇంచుమించు అంతే. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది, మైళ్ళ దూరానికి వెలుగు కనబడింది. అంత గ్యాసు కింద పెట్టుకుని పైన వంటిళ్ళలో కొబ్బరి మట్టలే మండుతున్నాయి. చాలా ఇళ్ళకు సిలిండరు 1999లో దీపం పథకం వచ్చాకే చేరింది.

ఆ లారీలకు దారిచ్చిన వంతెనలు ఒకేసారి రాలేదు. జాతీయ రహదారి మీదున్న రావులపాలెం వల్ల కొత్తపేట వైపు ముందు తెరిపిన పడింది. చించినాడ, పాశర్లపూడి వంతెనలు రాజోలుకు దారి ఇచ్చాయి. యానాం దగ్గర ఎదుర్లంక వంతెనకు, 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకరు బాలయోగి పేరు పెట్టారు. రైలు మాత్రం అమలాపురానికి ఇంకా రాలేదు. 1928లో గౌతమి అవతలి ఒడ్డున కోటిపల్లి దాకా వచ్చిన లైనును కూడా 1940లో యుద్ధానికని పీకేశారు, మళ్ళీ వేసేసరికి 2004 అయింది. సఖినేటిపల్లి, కోటిపల్లి రేవుల్లో పంటు ప్రయాణం సాగుతూనే వచ్చింది.

లారీతో పాటు పార్టికల్ బోర్డు వచ్చింది. చూడ్డానికి టేకు రంగు, పట్టుకుంటే తేలిక, ధర తక్కువ. మొదటి ఇల్లు కొని వాయిదాలతో సతమతమవుతున్నవాళ్ళని వద్దనడం కష్టం. కానీ ఇది గోదావరి లంక. 1986లో భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటిన నది 2022 జులైలో 71 అడుగులు దాటింది, రెండుసార్లూ లంక ఊళ్ళు మునిగాయి. టేకు మంచం నాలుగు రోజులు నానినా కడిగి నీడన ఆరబెడితే నిలబడుతుంది. రంపపు పొట్టును జిగురుతో నొక్కి చేసిన బల్ల ఒక్క రాత్రికే ఉబ్బిపోతుంది. ఇనుప బీరువా అడుగు తుప్పుపడుతుంది, లోపలి దస్తావేజులు అట్టకడతాయి. మండువా ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే పాత కలపకు అందుకే ఇంకా గిరాకీ తగ్గలేదు. గుమ్మాలు, చెక్కిన స్తంభాలు కొనే బేరగాళ్ళు ఊళ్ళ మీద తిరుగుతుంటారు. తెలివైనవాళ్ళు గుమ్మాన్ని వాళ్ళకు అమ్మినా దూలాలు అట్టేపెట్టి, కోత మిల్లులో పలకలు కోయించి, ఊరి వడ్రంగి చేత కొత్తింటికి మంచాలూ వంటింటి అలమారాలూ చేయించుకుంటున్నారు.