కలివికోడి, కాలువ, పట్టాభూమి

రాయలసీమ చరిత్ర అనగానే శాసనాలు, కోటలు, కరువులు మనసులో మెదులుతాయి. రాజ్యాంగ చరిత్ర అనగానే ఢిల్లీ, పార్లమెంటు, సుప్రీంకోర్టు గుర్తుకు వస్తాయి. ఈ రెండు చరిత్రలూ కలుసుకున్న చోటు ఒకటి కడప జిల్లాలో ఉంది. లంకమల కొండల పాదాన, ముళ్ళపొదల నడుమ బ్రతికే ఒక చిన్న పక్షి కోసం ఒక పెద్ద కాలువ దారి మార్చుకున్నది. ఆ పక్షి కోసమే వేల ఎకరాల భూమిని సేకరించాలన్న నిర్ణయమూ జరిగింది. ఆస్తిహక్కుకూ పర్యావరణ రక్షణకూ మన రాజ్యాంగం ఏర్పరచిన సంబంధం ఎటువంటిదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన సీమలో నాకు కనిపించలేదు.

కథ అర్థం కావాలంటే ముందు భూమి సంగతి చెప్పుకోవాలి. 1800లో నిజాము దత్తమండలాలను కుంఫిణీకి అప్పగించాడు. కడప ఆ మండలాలలోనిదే. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబుల ఏలుబడిలో ఉన్నది. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా 1800 నుండి 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో పొలాలు కొలిపించి, శిస్తు కట్టించి, రైతుతో సర్కారు నేరుగా లెక్క చూసుకొనే పద్ధతికి పునాది వేశాడు. రైత్వారీ అనే మాటకు మన ప్రాంతంలో ఉన్న బలం అక్కడిది. జమీందారు నడుమ లేడు. రైతు, పట్టా, సర్కారు, అంతే. తరువాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఏ ప్రాంతాన్నైనా రిజర్వు అడవిగా ప్రకటించదలిస్తే ముందు నోటిఫికేషను ఇవ్వాలనీ, హక్కులున్నవారి వాదన ఒక అధికారి వినాలనీ ఆ చట్టం చెప్పింది. వినికిడి ఎంత న్యాయంగా సాగిందన్నది వేరే మాట. వినాలి అన్న నియమం మాత్రం పరాయి పాలనలోనే పుట్టింది.

1950లో రాజ్యాంగం వచ్చినప్పుడు ఆస్తి ప్రాథమిక హక్కు. 19వ అధికరణంలోనూ, 31వ అధికరణంలోనూ దానికి చోటు దక్కింది. భూసంస్కరణల మీద కోర్టులకూ పార్లమెంటుకూ మూడు దశాబ్దాలు పెనుగులాట జరిగాక, 44వ సవరణ (1978) ఆ హక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించింది. 1979 జూన్ 20 నుండి అది 300-ఏ అధికరణంలోకి మారింది. చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదన్నదే దాని సారాంశం.

అంతకు కొద్దికాలం ముందే మరొక మార్పు జరిగింది. 42వ సవరణ (1976) పర్యావరణాన్ని, అడవులను, వన్యప్రాణులను కాపాడడం రాజ్యం కర్తవ్యమని 48-ఏ అధికరణంలో చేర్చింది. పౌరులకూ అదే విధిని 51-ఏ లో చెప్పింది. అడవులనూ వన్యప్రాణులనూ రాష్ట్ర జాబితా నుండి ఉమ్మడి జాబితాకు మార్చింది. రెండున్నరేళ్ళ వ్యవధిలో ఆస్తి ఒక మెట్టు దిగింది, అడవి ఒక మెట్టు ఎక్కింది. లంకమలలో జరిగినది ఈ రెండు మెట్ల మీద నిలబడి చూస్తేనే అర్థమవుతుంది.

ఇక పక్షి దగ్గరకు వద్దాం. మనవాళ్ళు కలివికోడి అంటారు. మద్రాసు సైన్యంలో వైద్యుడుగా ఉంటూ పక్షులను అధ్యయనం చేసిన జెర్డన్ ద్వారా ఇది 1848లో శాస్త్రలోకానికి పరిచయమయింది. ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అంటారు. 1900 తరువాత దీనిని చూసినవారు లేకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, స్థానిక వేటగాండ్ర సాయంతో, కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దీనిని తిరిగి కనుగొన్నారు. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. రాత్రిపూట తిరిగే ఈ పక్షికి మరీ దట్టమైన అడవి పనికిరాదు, బోడినేలా పనికిరాదు. అక్కడక్కడా పొదలు, మధ్యలో ఖాళీనేల కావాలి. గొర్రెలు, మేకలు, కట్టెలవాళ్ళు తిరిగే పల్లెల అంచునే అటువంటి నేల ఉంటుంది. అందువల్ల ఈ పక్షి బ్రతుకు మొదటినుండీ మనుషుల బ్రతుకుతో ముడిపడి ఉన్నది.

ఆ అంచునే తెలుగుగంగ వచ్చింది. ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా ఉండగా 1983లో కుదిరిన ఒప్పందంతో ఈ పథకం రూపుదిద్దుకున్నది. శ్రీశైలం జలాశయం నుండి పోతిరెడ్డిపాడు దగ్గర తీసిన కృష్ణనీరు వెలుగోడు, బ్రహ్మంగారి మఠం జలాశయాల మీదుగా పెన్నకు చేరి, సోమశిల, కండలేరు దాటి చెన్నై దాహం తీర్చాలి. దారిలో రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలలో 5.75 లక్షల ఎకరాలు తడపాలి. సీమవాసికి ఆ కాలువ ఎంత ఆశో వేరే చెప్పనక్కరలేదు. నీళ్ళు లేని పట్టా కాగితంతో సమానమని మన పెద్దలకు తెలుసు.

2005లో ఆ కాలువ పనులు కలివికోడి ఆవాసంలోకి చొచ్చుకుపోయిన సంగతిని అక్కడ పనిచేస్తున్న పరిశోధకులు బయటపెట్టారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ఆవాసాన్ని ధ్వంసం చేయాలన్నా, మళ్ళించాలన్నా ముందస్తు అనుమతి తప్పనిసరి. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్ళింది. పనులు ఆగాయి. కాలువకు వేరే దారి నిర్ణయమయింది. దానితో పాటు సుమారు 3000 ఎకరాలు పక్షి ఆవాసంగా సేకరించేందుకు రాష్ట్ర ప్రభుత్వం అంగీకరించింది.

సాధారణంగా ఈ కథను ఇక్కడితో ముగించి, పక్షి గెలిచిందంటారు. నాకు అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. సేకరణ అన్న మాటలో భూయజమాని ఉన్నాడు. పక్షి తరఫున మాట్లాడేవారికి జీవించే హక్కును చెప్పే 21వ అధికరణం అండగా ఉంది. కోర్టులు దాని అర్థాన్ని విస్తరించి ఆరోగ్యకరమైన పర్యావరణాన్ని అందులో చేర్చాయి. కనుక నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టవచ్చు. భూమి పోయే రైతు చేతిలో ఉన్నది 300-ఏ. అది ప్రాథమిక హక్కు కాదు గనుక ఆయన హైకోర్టు మెట్లెక్కాలి. ఇద్దరికీ రాజ్యాంగమే దిక్కు, కానీ దారులు సమానం కావు.

అయినా రైతు నిరాయుధుడేమీ కాదు. స్వయంగా సాగుచేసుకుంటూ, భూపరిమితికి లోబడిన భూమిని తీసుకుంటే మార్కెట్ విలువకు తగ్గకుండా చెల్లించాలని 31-ఏ అధికరణంలో 1964లో చేర్చిన మినహాయింపు ఈనాటికీ ఉన్నది. చాలామంది దీనిని మరచిపోయారు. డి.కె.టి. పట్టాల వారికి పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో చేవెళ్ళ భూసేకరణ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. అడవి అంచు పల్లెల్లో డి.కె.టి. పట్టాలు ఎంత మామూలో తెలిసినవారికి ఆ తీర్పు విలువ తెలుస్తుంది. 2011లో కె.టి. ప్లాంటేషన్ కేసులో సుప్రీంకోర్టు, పరిహారం కోరే హక్కు 300-ఏ లోనే ఇమిడి ఉన్నదన్నది. 2024లో కలకత్తా నగరపాలక సంస్థ కేసులో మరింత ముందుకు వెళ్ళి, నోటీసు, వాదన వినడం, కారణాలు చెప్పడం, న్యాయమైన పరిహారం, సకాలంలో పని పూర్తిచేయడం వంటివన్నీ ఆ అధికరణంలోని భాగాలేనని తేల్చింది. 1882 నాటి వినికిడి నియమం ఇన్నాళ్ళకు రాజ్యాంగ స్థాయికి చేరిందన్నమాట.

పోలికకు రోళ్ళపాడు చూడండి. అప్పటి కర్నూలు జిల్లాలో, 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉన్న ఆ పచ్చికబయలు ఒకప్పుడు బట్టమేక పక్షికి పేరుపడ్డది. దాని అభయారణ్యం సుమారు 614 హెక్టార్లే. చుట్టూ ఉన్న బీళ్ళు క్రమంగా సాగులోకి వచ్చాయి. కంచె లోపల పెరిగిన కృష్ణజింకలు రైతుల పైరు మేశాయి, బట్టమేకలు మాత్రం దాదాపు కనుమరుగయ్యాయి. రైతుకూ నష్టమే, పక్షికీ నష్టమే. గీత గీసి వదిలేసిన రక్షణ ఫలితం అది.

లంకమలలో కాలువ ఆగినది పక్షి గొప్పదని కాదు, అనుమతి లేకుండా తవ్వినందుకు. రైతు భూమిని పరిహారం లేకుండా తీసుకోరాదన్నదీ అదే సూత్రం. పక్షీ రైతూ ఒకరికొకరు ప్రత్యర్థులని మనకు అలవాటుగా చెబుతారు. ఇద్దరూ సర్కారును అడిగేది ఒకటే: చట్టం చెప్పిన దారిన నడవమని. మొదటివారి విషయంలో ఆ మాట వినిపించడానికి ఒక కమిటీ ఉన్నది. రెండవవారికి ఓపిక, వకీలు ఫీజు కావాలి. పక్షి రక్షణ దేశమంతటి ప్రయోజనం అయినప్పుడు దాని ఖర్చు అడవి అంచు రైతు ఒక్కడే మోయడం న్యాయం కాదు. సకాలంలో చెల్లించిన పరిహారమే ఆ ఖర్చును అందరికీ పంచుతుంది.

2025లో కలివికోడి కూత మళ్ళీ వినబడిందన్న వార్త వచ్చింది. సంతోషమే. ఆ పొదల నేల ఎవరి పట్టాలోదో, వారికి రావలసినది అందిందో లేదో కూడా ఎవరైనా ఆరా తీస్తే, ఆ సంతోషం నిండుగా ఉంటుంది. బద్వేలు, సిద్ధవటం ప్రాంతపు మిత్రులలో ఆ సంగతులు ఎరిగినవారుంటే దయచేసి తెలియజేయగలరు.