అంట్ల తొట్టి దగ్గర మనిషి

హోటళ్ళ చరిత్ర రాసేవాళ్ళు యజమానుల గురించి రాస్తారు, పేరుమోసిన వంటవాళ్ళ గురించి రాస్తారు, ఏ వంటకం ఏ ఊళ్ళో పుట్టిందని వాదించుకుంటారు. వెనక తొట్టి దగ్గర నిలబడి అంట్లు తోమేవాడికి ఆ చరిత్రలో చోటు దొరకడం అరుదు. కారణం తెలిసిందే. ఆ పని చేసేవాడికి రాసే తీరిక ఉండదు. రాయగలిగినవాడు ఆ పనికి పోడు. రాయగలిగినవాడే గతిలేక ఆ పనికి పోవడం ఒకసారి జరిగింది కాబట్టి మనకు గట్టి సాక్ష్యం ఒకటి మిగిలింది.

ఆయన అసలు పేరు ఎరిక్ బ్లెయిర్. 1903లో బీహారులోని మోతిహారిలో పుట్టాడు. 1922 నుంచి 1927 దాకా బర్మాలో పోలీసు ఉద్యోగం చేసి, విసుగెత్తి వదిలేశాడు. రచయిత కావాలని 1928లో పారిస్ చేరాడు. మరుసటి ఏడు డబ్బంతా పోయి, బట్టలు తాకట్టు పెట్టుకుని, చివరికి ఒక పెద్ద హోటల్ నేలమాళిగలో పనికి కుదిరాడు. ఆ అనుభవాన్ని 1933లో 'డౌన్ అండ్ అవుట్ ఇన్ పారిస్ అండ్ లండన్' అన్న పుస్తకంగా వేశాడు. జార్జ్ ఆర్వెల్ అన్న పేరు పెట్టుకున్నది ఆ పుస్తకానికే.

ఫ్రెంచివాళ్ళు ఈ పనివాణ్ణి 'ప్లోంజర్' అంటారు. మునక వేసేవాడని అర్థం. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో పెద్దవాళ్ళకు ఈ మాట తెలిసే ఉంటుంది. ఆర్వెల్ మునిగింది వేడిలో. ఆయన పనిచేసిన గదిలో వేడి 110 డిగ్రీల ఫారన్‌హీటుకు తగ్గేది కాదట. ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా, మళ్ళీ సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా, మొత్తం పదకొండు గంటల పని. భోజనశాల అంట్లు తోమవలసిన రోజున పద్నాలుగు గంటలు. తర్వాత చేరిన చిన్న హోటల్లో రోజుకు పదిహేడున్నర గంటలు. తళతళలాడే భోజనశాలకూ, జిడ్డునీళ్ళు కారే అంట్ల గదికీ మధ్య ఉన్నది ఒక్క తలుపేనని ఆయన రాశాడు.

అక్కడి అంతస్తుల సంగతి మరీ విచిత్రం. ఆ హోటళ్ళలో సర్వర్లు మీసం ఉంచుకోకూడదు. తమకు లేని మీసం తమకంటే కిందివాడికి ఎందుకని, ప్లోంజర్లు కూడా గొరిగించుకోవాలని వాళ్ళు పట్టుబట్టారు. సర్వర్లంటే లెక్కలేదని చూపడానికి వంటవాళ్ళు పంతంగా మీసం పెంచారు. మీసం మీద మనవాళ్ళకే పట్టింపు అనుకుంటాం గాని, పారిస్ వంటింట్లో కూడా మనిషి విలువ మూతి మీదే కనబడేది.

ఈ పని వెనకబడ్డవాణ్ణి ఇంకా వెనక్కే నెడుతుందని ఆర్వెల్ తేల్చాడు. ఆలోచించుకునే తీరిక ఉండదు, పెళ్ళి చేసుకునే సంపాదన ఉండదు, బయటపడే దారి ఉండదు. పోలిక కోసం ఆయన తెచ్చింది తూర్పుదేశాల రిక్షా కూలీని. ఆయన బర్మాలో ఉన్న రోజుల్లో రంగూన్‌లో రిక్షాలు లాగినవాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది. యానాంకు దగ్గరలోని కోరంగి రేవు పేరు మీద వాళ్ళను 'కోరంగీలు' అనేవారు.

యంత్రం వస్తే ఈ బాధ తీరుతుందనుకునేవాళ్ళకు ఇంకో సంగతి. అంట్లు కడిగే యంత్రానికి అమెరికాలో జోసెఫీన్ కాక్రేన్ అనే ఆవిడ 1886లో పేటెంటు పొందింది. పనివాళ్ళు కడుగుతుంటే ఖరీదైన పింగాణీ పళ్ళేల అంచులు విరుగుతున్నాయన్నది ఆవిడ బాధ. 1893 నాటి చికాగో ప్రదర్శనలో ఆ యంత్రం అందరి కళ్ళలో పడింది. మొదట కొన్నది హోటళ్ళే. పళ్ళెం విరగకుండా ఉపాయం దొరికింది. కడిగేవాడి నడుము సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

మన వైపు ఈ పనికి మరో బరువు ఉంది. 'అంటు' అంటే మైల కూడా. అంట్లు అన్న మాటలోనే ఆ వాసన తగులుతుంది. మద్రాసులో హోటల్ బోర్డు మీద 'బ్రాహ్మణ' అన్న మాట తీసెయ్యాలని 1957లో ట్రిప్లికేన్‌లో పెద్ద ఆందోళనే నడిచింది. లోపల ఎంగిలి ఎవరు ఎత్తాలన్న నియమం మాత్రం ఏ బోర్డు మీదా రాయనక్కరలేకుండానే నడిచిపోయింది. నిలువునా నీళ్ళలో నిలబడి కాలివేళ్ళ సందులు ఒరిసిపోయిన కుర్రవాళ్ళను మనం చూడనివాళ్ళం కాము. హోటళ్ళ పనివాళ్ళ కోసం మద్రాసు రాష్ట్రంలో 1958లో ప్రత్యేకంగా చట్టం వచ్చింది. పద్నాలుగేళ్ళు నిండని పిల్లల్ని హోటళ్ళలో, టీ దుకాణాల్లో పెట్టుకోకూడదన్న నిషేధం అమల్లోకి రావడానికి మాత్రం 2006 అక్టోబరు దాకా పట్టింది.

నేను వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి. హోటళ్ళ అప్పు కాగితాలు ఎన్నో ఏళ్ళు చూశాను. గ్రైండరుకు, బల్లలకు, గిన్నెలకు ఏటా తరుగుదల రాస్తారు. తోమే చేతుల తరుగుదలకు ఖాతా లేదు. కొన్ని పద్దుల్లో ఆ మనిషి జీతం 'ఇతర ఖర్చులు' కింద ఫినాయిలుతో కలిసి ఉంటుంది.

ఈ లెక్క మరోలా కూడా రాయవచ్చునని చూపించినవాళ్ళున్నారు. 1957లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసెయ్యడం మొదలుపెట్టినప్పుడు పనివాళ్ళు వీధిన పడ్డారు. ఎ.కె. గోపాలన్ వాళ్ళను కూడగట్టి, హోటళ్ళు మీరే నడుపుకోండని ముందుకు నడిపించారు. మొదటి సహకార సంఘం ఆ ఏడు ఆగస్టులో బెంగుళూరులోనే ఏర్పడింది. మరుసటి ఏడు కేరళలో త్రిశ్శూరులో మొదలైంది. కడిగేవాడు, వడ్డించేవాడు, వండేవాడు అందరూ వాటాదారులే. తోమే పని తగ్గలేదు, వేడీ తగ్గలేదు. మారిందల్లా ఒక్కటే. కింద చేరినవాడికి పైకి పోయే మెట్లు కనబడ్డాయి, లాభంలో తన పేరు కనబడింది.

ఇటీవల డెన్మార్కులోనూ ఇలాంటిదే జరిగింది. కోపెన్‌హాగన్‌లోని నోమా హోటల్లో గాంబియా దేశస్థుడు అలీ సోంకో తొలినుంచి అంట్లు తోమేవాడు. 2010లో ఆ హోటల్‌ను ప్రపంచంలో మొదటిదిగా ఎంచినప్పుడు, వీసా రాక ఆయన లండన్‌లో జరిగిన సభకు వెళ్ళలేకపోయాడు. తోటివాళ్ళు ఆయన బొమ్మ ఉన్న బనియన్లు వేసుకుని వేదిక ఎక్కారు. 2017లో యజమాని ఆయనను భాగస్వామిగా చేర్చుకున్నాడు. బొమ్మ గౌరవం. వాటా హక్కు. రెండింటికీ మధ్య పట్టిన కాలం ఏడేళ్ళు.

కనుక ఈ పని ఎలాంటిదని ఎవరైనా అడిగితే, వేడి గురించి, జిడ్డు గురించి చెప్పడంతో సరిపోదు. ఆ రెండూ ఎక్కడైనా ఒకటే. క్లీనరుగా చేరినవాడు అయిదేళ్ళ తర్వాత ఏం చేస్తున్నాడన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు బ్యాంకు దరఖాస్తులో గడి లేదు.

బెంగుళూరు, మద్రాసు, బొంబాయి హోటళ్ళకు పోయి తొట్టి దగ్గర బతుకు మొదలుపెట్టినవాళ్ళు మన కుటుంబాల్లోనూ ఉంటారు. వాళ్ళకిప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళు. వాళ్ళకోసం ఏ ఆర్వెలూ రాడు. జీతమెంత, పడుకున్నదెక్కడ, ఎన్ని గంటలు, పైకి ఎలా వచ్చారు, లేక రాలేకపోయారు అన్నది దగ్గర కూచుని అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసి ఈ పత్రికకు పంపండి. వాళ్ళు ఉండగానే ఆ పని జరగాలి.