మన్యం పెరట్లో నిమ్మచెట్టు

గుమ్మలక్ష్మీపురం చుట్టుపక్కల సంతల్లో పులుపంటే ముందు చింతపండే. వేసవి తలుపు తట్టేసరికి సవర, జాతాపు గిరిజన పల్లెల నుంచి అది బుట్టలకెత్తుకుని కొండ దిగుతుంది. దాన్ని కొనడానికి ఏకంగా ఒక సర్కారు సంస్థే ఉంది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చింతపండుకి ధర ప్రకటిస్తుంది, తూకం వేయిస్తుంది, లెక్క రాస్తుంది. నిమ్మకాయకి ఆ భోగం లేదు. ఆకుకూర కట్టల పక్కన గోనెపట్టా మీద నాలుగైదు కాయల కుప్పగా కూర్చుంటుంది. అమ్ముడైతే అయింది, లేకపోతే సాయంత్రానికి మళ్లీ గంపెక్కి ఇంటికే.

గుమ్మలక్ష్మీపురం మండలం జిల్లా పేరు రెండుసార్లు మార్చుకుంది. శ్రీకాకుళం నుంచి 1979లో విజయనగరానికి, 2022లో పార్వతీపురం మన్యానికి. ఎన్ని పేర్లు మారినా చింత ఖాతా పుస్తకాల్లోనే ఉంది, నిమ్మ పెరట్లోనే ఉంది. విచిత్రమేమంటే, రెండూ వలస వచ్చినవే. చింత ఆఫ్రికా చెట్టు. నిమ్మ కథ ఇంకాస్త పొడుగు.

2018లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన జన్యు అధ్యయనం నిమ్మ, నారింజ జాతులన్నిటి పుట్టినింటినీ హిమాలయాల ఆగ్నేయ పాదాల దగ్గర చూపించింది. అస్సాం, ఉత్తర మయన్మార్, పశ్చిమ యునాన్ కలిసే ఆ ప్రాంతంలో 60 నుంచి 80 లక్షల ఏళ్ల కిందట ఈ కుటుంబం కొమ్మలు చీలడం మొదలైంది. మనం రోజూ పిండుకునే చిన్న నిమ్మ మాత్రం ఆ ఆదిమ జాతుల్లోది కాదు. మాదీఫలానికీ, ఫిలిప్పీన్స్ వైపు దొరికే ‘మైక్రాంత’ అనే మోటు జాతికీ పుట్టిన సంకరం. పూజలో పెట్టడానికి తప్ప పెద్దగా నోటికి పనికిరాని మందపు తోలు మాదీఫలం ఒకవైపు, కొరకలేని అడవికాయ ఇంకోవైపు. వాటికి ఇంత పల్చటి తోలు, ఇంత రసం ఉన్న బిడ్డ పుట్టిందంటే నమ్మబుద్ధి కాదు.

ఆ బిడ్డ లోకం చుట్టి రావడానికి కారణం దాని గింజలోనే ఉంది. మామిడి టెంక పాతితే తల్లి రుచే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, అందుకే అంటు కడతాం. నిమ్మకి ఆ బెంగ తక్కువ. ఒక గింజ నాటితే ఒక్కోసారి రెండు, మూడు మొలకలు లేస్తాయి. వాటిలో ఎక్కువ భాగం పుప్పొడితో పనిలేకుండా తల్లి కణజాలం నుంచే పుట్టినవి కాబట్టి అచ్చం తల్లి పోలికే. అంటు కట్టే నర్సరీ అక్కర్లేదు, తోటమాలి అక్కర్లేదు. పప్పులోకి పిండేసిన చెక్కని పెరటి గోడ పక్కన విసిరితే చాలు, అందులోంచి అదే చెట్టు లేవచ్చు. అరబ్బు వర్తకులు నిమ్మజాతుల్ని పడమటికి చేర్చిందీ, 1493లో రెండో ప్రయాణంలో కొలంబస్ కెనరీ దీవుల నుంచి కరీబియన్ దీవులకు ఈ కుటుంబపు గింజల్ని మోసుకెళ్లిందీ ఈ గుణం సాయంతోనే. ఫ్లోరిడా వాళ్లు ‘కీ లైమ్’ అని గొప్పగా చెప్పుకునేది మన గూడూరు సంతల్లో బస్తాలకెత్తే నిమ్మే.

మన్యానికి నిమ్మ వచ్చేనాటికి దాని దూరపు చుట్టాలు ఇక్కడ ముందే కాపురముంటున్నారు. తూర్పు కనుమల్లో ముళ్లతో పెరిగే అడవి నిమ్మ, మారేడు, వెలగ, కరివేపాకు, అన్నీ ఒకే కుటుంబం. వృక్షశాస్త్రం చదవని సీతాకోకచిలుకకి కూడా ఈ సంగతి తెలుసు. పసుపు, నలుపు మచ్చల నిమ్మ సీతాకోకచిలుక నిమ్మ లేతాకు మీదా గుడ్లు పెడుతుంది, దాని చుట్టాల చెట్ల మీదా పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు నలుపు, తెలుపు కలిసి అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. చూసి ఏ పిట్టా ముక్కు పెట్టదు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. దాన్ని ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. మొక్క చిన్నదైతే నాలుగు పురుగులు చాలు, రెండ్రోజుల్లో పుల్లలు మిగులుతాయి. కొండల్లో వానలు జోరందుకుంటే గజ్జి తెగులు కూడా తయారు. ఆకు మీదా కాయ మీదా గరుకు మచ్చలు లేస్తాయి. రసానికి లోటుండదు గానీ మచ్చ కాయకి బజార్లో మర్యాద ఉండదు.

ఇక నిమ్మకి ఇంత పేరు తెచ్చిన వైద్యం సంగతి. 1747 మేలో ‘సాలిస్‌బరీ’ అనే ఓడలో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు స్కర్వీతో చిగుళ్లు కుళ్లి, మోకాళ్లలో సత్తువ పోయిన 12 మంది నావికుల్ని ఆరు జంటలు చేశాడు. ఒక్కో జంటకీ ఒక్కో మందు. రోజుకి రెండు నారింజలు, ఒక పెద్ద నిమ్మ తిన్న జంట ఆరు రోజుల్లోనే తేరుకుంది. ఓడలో ఆ పండ్లు కూడా అప్పటికే అయిపోయాయి. ఇంత కళ్లెదుట కనిపించినా బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని అందరికీ ఇవ్వడానికి 1795 దాకా ఆగింది.

ఇక్కడే ఓ తిరకాసు. లిండ్ వాడింది పెద్ద పసుపు నిమ్మ, లెమన్. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లు చవగ్గా దొరుకుతోందని తమ కరీబియన్ తోటల చిన్న నిమ్మకి, అంటే మన నిమ్మకి మారారు. పులుపు ఎక్కువుంటే మందూ ఎక్కువుంటుందని వాళ్ల లెక్క. 1875లో నేర్స్ నాయకత్వంలో ఉత్తర ధ్రువం వైపు వెళ్లిన బ్రిటిష్ బృందం నిమ్మరసం సీసాలు మోసుకెళ్లి కూడా స్కర్వీతో కుప్పకూలింది. 1918లో లండన్‌లో శాస్త్రవేత్త హారియెట్ చిక్ బృందం తేల్చిందేమంటే, స్కర్వీని ఆపడంలో చిన్న నిమ్మ రసం పెద్ద నిమ్మ రసంలో సుమారు నాలుగో వంతు. జబ్బుని ఆపేది పులుపు కాదు, విటమిన్ సి. ఒంట్లో జరిగే దహనక్రియల గురించి, ముఖ్యంగా ఈ విటమిన్ గురించి కనుగొన్న సంగతులకు హంగరీ శాస్త్రవేత్త సెంట్ జ్యార్జీకి 1937లో నోబెల్ వచ్చింది. ఆయన దాన్ని గుట్టలుగా తీసింది నిమ్మలోంచి కాదు, మిరపలోంచి!

కాబట్టి విటమిన్ సి కోసమే నిమ్మనీళ్లు తాగేవాళ్లు ఒకసారి జామచెట్టు వైపు చూడాలి. 100 గ్రాముల నిమ్మలో ఇది సుమారు 30 మిల్లీగ్రాములుంటే జామలో 200 పైనే ఉంటుంది. ఉసిరి ఇంకా పైమాట. పొద్దున్నే వేడినీళ్లలో నిమ్మ పిండుకుంటే కొవ్వు కరిగిపోతుందన్న ప్రచారానికి గట్టి ఆధారం లేదు. నీళ్లు తాగిన లాభమే లాభం.

నిమ్మ అసలు సత్తా కంచం దగ్గర తెలుస్తుంది. ఉత్తరాంధ్ర కొండల్లో చోడి (రాగి) అంబలి, ఆకుకూరలు రోజువారీ తిండి. వాటిలో ఇనుము ఉంటుంది గానీ ఒంటికి సులువుగా పట్టదు. చోళ్లలోని ఫైటేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. విటమిన్ సి పక్కనుంటే ఆ ఇనుము పేగులు పీల్చుకోగల రూపానికి మారుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. అలాంటి చోట తోటకూర మీద పిండిన సగం చెక్కని చిన్నచూపు చూడలేం. భోజనం అవుతూనే టీ తాగితే మాత్రం వచ్చిన లాభంలో కొంత పోతుంది. ఇంకో మాట, నిమ్మకాయ పులిహోరకి పోపు దింపాకే రసం పిండుతారు. చేదెక్కకూడదని మనవాళ్లు పెట్టుకున్న పద్ధతే, వేడికి పాడయ్యే విటమిన్ సికీ కాపలా కాస్తోంది.

వంటింటి తర్వాత నిమ్మకి పెద్ద ఉద్యోగం దేవతల దగ్గర. ఉత్తరాంధ్రలో అమ్మవారి మెడలో నిమ్మకాయల దండ లేని పండగ తక్కువ. పార్వతీపురం మన్యం జిల్లాలోనే మక్కువ మండలం శంబరలో సంక్రాంతి దాటాక పోలమాంబ జాతర జరుగుతుంది. అక్కడి సిరిమాను ఊరేగింపు చూడటానికి ఒడిశా నుంచి కూడా జనం వస్తారు. కోడో మేకో ఇవ్వలేని చోట నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, బలి అయిందనిపించుకోవడం తెలుగునాట అంతటా ఉన్నదే. కొత్త వాహనం చక్రాల కింద నలిగేదీ ఆ కాయే. ఘాట్ రోడ్డు ఎక్కే జీపు ముందు మిరపకాయలతో కలిసి వేలాడేదీ అదే.

మరి ఇంత గిరాకీ ఉన్న కాయ మన్యంలో డబ్బు పంట ఎందుకు కాలేదు? చింతపండు కొట్టి, గింజ తీసి పెడితే ఏడాది ఆగుతుంది, నిమ్మ వారం పది రోజులకే ముడుచుకుంటుంది. అదొక్కటే కాదు. నిమ్మ వ్యాపారమంతా కాలంతో జూదం. కాయకి ధర పలికేది మార్చి నుంచి మే దాకా. ఆ కాపు కావాలంటే అంతకుముందు సెప్టెంబరు, అక్టోబరుల్లో చెట్టు పూయాలి. నెల్లూరు వైపు గూడూరు, పొదలకూరు రైతులు నీళ్లు, ఎరువులు, మందులు సర్దుకుంటూ ఆ పూత కోసం తంటాలు పడతారు. వాళ్లకి అండగా పెట్లూరులో, తిరుపతిలో పరిశోధన స్థానాలున్నాయి. గజ్జిని కొంత తట్టుకునే ‘బాలాజీ’ రకం తిరుపతి నుంచే వచ్చింది. నీటి వసతి లేని కొండ పెరటి చెట్టు వానని నమ్ముకుంటుంది. చలికాలం చివర పూసి జూలై, ఆగస్టుల్లో విరగకాస్తుంది. అప్పటికి మైదానంలోనూ కాయ విపరీతంగా దిగి, బస్తా అమ్మినా కోత కూలి రాని రోజులు. 2022 ఏప్రిల్‌లో నగరాల్లో నిమ్మ కిలో 200 రూపాయలు దాటినప్పుడు ఇలాంటి పెరటి చెట్ల మీద ఇంకా పిందెలే.