మంచు కరిగిన కొలను



కొలను అనగానే మన ప్రబంధాలు చదివినవారి మనసులో తామరలు, తుమ్మెదలు, హంసలు, జలక్రీడలు మెదలుతాయి. గ్రీష్మంలో ఎండి నెరలిచ్చిన చెరువును వర్ణించిన కవులు మనకున్నారు. గడ్డకట్టిన కొలనును వర్ణించవలసిన అవసరం మాత్రం మన కవులకు రాలేదు. మన దేశభాగంలో అది లేదు గనుక. ముప్పయ్యేళ్లకు పైగా పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి 2018లో పదవీ విరమణ చేసిన నాకు, ఆ దృశ్యాన్ని చూడవలసిన యోగం ఆ యేడాది చివరనే కలిగింది. ఆ శీతకాలంలో నా వలన జరిగిన ఒక తప్పును, దాన్ని దిద్దుకొనే ప్రయత్నంలో తెలుసుకొన్న కొంత చరిత్రను ఈ వ్యాసంలో మీ ముందుంచుతున్నాను.

మా అమ్మాయి కాపురం అమెరికాలో, చికాగో నగరానికి పశ్చిమాన ఉన్న ఒక శివారులో. నేనూ మా ఇంటావిడా 2018 నవంబరులో అక్కడికి వెళ్లాము. వారి ఇంటి పెరట్లో, ఆ ఇంటిని పూర్వం అనుభవించినవారు తవ్వించిన చిన్న కొలను ఒకటి ఉన్నది. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు. అందులో తొమ్మిది చేపలు. తెలుపు మీద ఎరుపు, నలుపు మీద పసుపు, ఒకటి పూర్తిగా బంగారు వర్ణం. వాటిని అక్కడ 'కోయి' అంటారు. మా మనవడికి తెలుగు నేర్పే నెపంతో వాటిలో అన్నిటికంటె పెద్దదానికి నన్నయ అనీ, దాని వెంటనే తిరిగే మరొకదానికి తిక్కన అనీ పేర్లు పెట్టాను. కవిత్రయంలో ఇద్దరి పేర్లు ఆ విధంగా వాడికి నోట పట్టుబడినవి.

ఆకురాలు కాలం ముగింపులో మా అల్లుడుగారు కొలను మీద వల పరవబోయినప్పుడు నేను వారించాను. "రాలే ఆకు నీళ్లలో పడటం ప్రకృతి ధర్మం కదా నాయనా, వల కడితే కొలను అందమే పోతుంది" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "సరే మామగారూ" అని వలను మడిచి లోపల పెట్టేశారు. పెద్దవాడి మాటకు ఎదురు చెప్పకూడదన్న మర్యాద అది. నాకు తెలియని విషయంలో నేను మాట్లాడకుండా ఉండవలసిన మర్యాద కూడా ఒకటున్నదని ఆనాడు తోచలేదు.

2019 జనవరి 30వ తేదీని ఆ ప్రాంతంవారు మరచిపోరు. చికాగోలో ఆనాటి ఉదయం ఉష్ణోగ్రత ఫారెన్‌హీట్ మానంలో సున్నాకు 23 డిగ్రీలు దిగువకు పోయినది. మన సెల్సియస్ లెక్కలో సున్నాకు దాదాపు 31 డిగ్రీలు దిగువ. బడులు మూసివేశారు. తపాలా బట్వాడాను సైతం ఆ రోజు నిలిపివేశారు. మూడు నాలుగు రోజులు ఇంట్లోవారెవరూ పెరటి తలుపు తీయలేదు. నీటి మీద ఒకచోట మంచు పేరుకోకుండా చిన్న రంధ్రం నిలిపి ఉంచే విద్యుత్ పరికరం ఒకటి కొలనులో ఉన్నది. అది ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలియదు. చూసేసరికి కొలను ఆసాంతం పలకరాయి వలె బిగిసి ఉన్నది.

ఇక్కడ జలధర్మం ఒకటి చెప్పాలి. సాధారణంగా పదార్థాలు చల్లబడేకొద్దీ బరువెక్కుతాయి. నీరు అలా కాదు. 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అది అత్యంత సాంద్రంగా ఉండి అడుగుకు చేరుతుంది. అంతకంటె చల్లనైనది పైకి తేలి గడ్డకడుతుంది. ఆ గడ్డయే కింది నీటికి దుప్పటి. లోతు చాలినంత ఉంటే చేపలు అడుగున, కదలక మెదలక, మేత ముట్టక శీతకాలం గడిపేస్తాయి. ఈ ధర్మమే లేకపోతే చలిదేశాల చెరువులు అడుగు నుండి పైకి గడ్డకట్టి జలచరమన్నది మిగిలేది కాదు. కనుక చేపను చంపేది చలి మాత్రమే కాదు. అడుగున కుళ్లే ఆకులు నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి, విషవాయువులను పుట్టిస్తాయి. పైన రంధ్రం ఉంటే అవి వెలికి పోతాయి. మూత బిగిస్తే లోపలే నిలిచిపోతాయి. నేను వద్దన్న వలకూ, ఆగిపోయిన పరికరానికీ నడుమ ఆ చేపలు చిక్కుకొన్నాయి.

మార్చి నడుమ మంచు కరిగింది. నీరు కషాయం వలె నల్లగా ఉన్నది. నాలుగు చేపలు వెల్లకిలా తేలాయి. వాటిలో నన్నయ ఉన్నాడు. మనవడు ఏడవలేదు. "తాతగారూ, నన్నయ భారతం పూర్తి చేయలేదని చెప్పారుగా, ఇప్పుడెలా?" అని అడిగాడు. నాకు సమాధానం తోచలేదు. ఆ సాయంత్రం అల్లుడుగారు, "ఈ శ్రమ మనకెందుకండీ, మిగిలినవాటిని ఎవరికైనా ఇచ్చేసి, గుంత పూడ్పించి గడ్డి వేయిద్దాం" అన్నారు. అప్పుడు వల సంగతి నేనే ఎత్తి, తప్పు నాదని ఒప్పుకొన్నాను. మేలో మా ప్రయాణం. "అంతవరకూ నాకు గడువివ్వండి, బాగుచేసే పని నేను చేస్తాను" అని అడిగాను. ఆయన కాదనలేదు.

పని చేయబోయే ముందు ఈ చేప పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలనిపించింది. పాఠం చెప్పే ముందు కవికాలాదులు చూసుకొనే అలవాటు ఎక్కడికి పోతుంది! కోయి మనకు బొత్తిగా పరాయి చేప కాదు. మన చేపల చెరువులవారు 'బంగారుతీగ' అని పిలిచే చేపకు ఇది దగ్గరి చుట్టం. ఆ బంగారుతీగ కూడా మన దేశానికి వచ్చినదే. 1939లో సింహళం నుండి నీలగిరులకు ఒక జాతిని, 1957లో బ్యాంకాక్ నుండి మరొక జాతిని తెచ్చారు. ఇక రంగుల కోయికి పుట్టినిల్లు జపాన్‌లోని నీగాతా ప్రాంతపు కొండపల్లెలు. వాటిలో యమకోషి ముఖ్యమైనది. అక్కడ శీతకాలంలో మూడు నాలుగు మీటర్ల మంచు పేరుకొంటుంది. దారులు మూసుకుపోయే ఆ నెలల్లో ఆహారానికి అక్కరకు వస్తాయని రైతులు తమ మళ్ల పక్క గుంటల్లో నల్లని చేపలు పెంచేవారు. పందొమ్మిదో శతాబ్ది తొలి దశకాలలో వాటిలో ఎరుపు, తెలుపు మచ్చలతో కొన్ని పుట్టాయి. రైతులు వాటిని తినక వేరుచేసి, ఈడుజోడు చూసి పిల్లలు పుట్టించారు. 1914లో టోక్యోలో జరిగిన తైషో ప్రదర్శనలో ఆ చేపలను ప్రదర్శించగా లోకానికి తెలిసివచ్చినవి. నాటి యువరాజుకు కొన్నింటిని కానుకగా ఇచ్చారు. జపాన్ భాషలో వాటి పూర్తి పేరు 'నిషికిగోయి'. 'నిషికి' అంటే జరీపట్టు. ఆకలి తీర్చడానికి పుట్టిన చేప ఆ విధంగా పట్టుచీర కట్టుకొన్నది.

2004 అక్టోబరు 23 సాయంత్రం 5 గంటల 56 నిమిషాలకు ఆ నీగాతా కొండల్లో 6.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. మొత్తం 68 మంది మరణించారు. యమకోషికి పోయే దారులన్నీ తెగాయి. కొండచరియలు విరిగిపడి ఇమోగావా నదికి అడ్డుకట్ట కాగా, ఇళ్లు నీట మునిగాయి. రెండు వేలకు పైబడిన గ్రామస్థులందరినీ హెలికాప్టర్లలో మైదానంలోని నగావోకా నగరానికి చేర్చారు. అది చేపలను కొండ గుంటల నుండి ఇళ్లలోని తొట్లకు మార్చే ఋతువు. విద్యుత్తు లేక, గాలి అందక లెక్కలేనన్ని చేపలు చనిపోయాయి. గట్లు తెగిన గుంటలలోని చేపలు నీటితో పాటే పోయాయి. తరతరాలుగా కాపాడుకొన్న తల్లిచేపలను కొన్నింటిని మాత్రం తరువాత హెలికాప్టర్లతో తరలించగలిగారు. ఇంతలో శీతకాలం వచ్చిపడింది. పందొమ్మిదేళ్లలో ఎన్నడూ ఎరుగనంత మంచు కురిసింది. భూకంపానికి బీటలు వారి నిలిచిన ఇళ్లు ఆ బరువుకు కూలిపోయాయి.

అటువంటి శీతకాలం తరువాత ఏమి మిగులుతుంది? గ్రామపెద్ద నగాషిమా తదాయోషి పెట్టుకొన్న సంకల్పం ఒక్కటే: యమకోషికి తిరిగి పోదాం. 2005 ఏప్రిల్ 1న ఆ ఊరు నగావోకా నగరంలో విలీనమై పటంలో ప్రత్యేక గ్రామంగా లేకుండా పోయినది. అయినా ఊరివారు తాత్కాలిక గృహాలలో ఉంటూనే పోయి వస్తూ మళ్లు సరిచేసుకొన్నారు, గట్లు పోసుకొన్నారు, గుంటలు తిరిగి తవ్వుకొన్నారు. వెళ్లిపొమ్మన్న ఉత్తరువులు ఒక్కొక్క వాడకే తొలగుతూ 2007 ఏప్రిల్ నాటికి పూర్తిగా తొలగినవి. కొందరు మైదానంలోనే స్థిరపడ్డారు. చాలామంది తిరిగి వచ్చారు. చేపలూ వచ్చాయి. 2017లో జపాన్ ప్రభుత్వం ఆ ప్రాంతంలో మంచునీటితో సాగే వరి, చేపల పెంపకపు విధానాన్ని జాతీయ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఏ మంచు వారి ఇళ్లను కూల్చిందో ఆ మంచు కరిగిన నీరే వారి మళ్లకూ గుంటలకూ ఆధారం.

ఇది చదువుతుంటే నా మనసు మా సీమకు పోయింది. నేను బద్వేలు ప్రాంతంవాడిని. మాకు సమీపంలోని పోరుమామిళ్ల చెరువును చూపడానికి ఏటా పిల్లలను తీసుకొని పోయేవాడిని. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించిన అనంతరాజ సాగరం అది. క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనం దాని చరిత్ర చెబుతుంది. దినమూ వేయి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. సప్తసంతానాలలో తటాకాన్ని చేర్చిన సంప్రదాయం మనది. కాని ఆ శాసనం పుణ్యంతో ఆగదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను లెక్కించి చెబుతుంది. ధర్మబుద్ధి గల రాజు ఒక అంగమైతే, జలశాస్త్రం తెలిసినవాడు మరొక అంగం. దోషాలలో కట్ట నుండి నీరు కారటం ఒకటి, చవిటినేల ఒకటి. నీరు కొంచెమై పారవలసిన పొలం ఎక్కువ కావటం ఒకటి, నీరు ఎక్కువై పొలం కొంచెం కావటం ఒకటి. ఆ పాఠాన్ని ఎన్నోసార్లు బోధించిన నేను, జలశాస్త్రం తెలిసినవాడి చేతిలోని వలను పక్కన పెట్టించాను.

ఇక పని సంగతి. ముందుగా ఒక పెద్ద తొట్టిలో కొలను నీరే నింపి, గాలిబుడగలు వచ్చే యంత్రం అమర్చి, మిగిలిన అయిదు చేపలను అందులోకి మార్చాము. చేపకు నీటి మార్పు హఠాత్తుగా జరగరాదు. అడుగున పేరుకొన్న కుళ్లును బకెట్లతో ఎత్తి చెట్ల మొదట్లో పోశాము. నా బాల్యంలో వేసవిలో మా ఊరి చెరువు పూడిక తీసి, ఇంటికొక బండి చొప్పున పొలాలకు తోలుకొనేవారు. చెరువు లోతు పెరిగేది, పొలానికి బలం వచ్చేది. తరువాతి రోజులలో బండ్లు పోయాయి, ఆ వాడుకా పోయింది. చెరువు మెరక తేలింది. పెరటి కొలనులో బకెట్ ముంచుతున్నప్పుడు ఆ బండ్ల వరుస నా కళ్ల ముందు కదిలింది.

పాత నీటిని కొంత ఉంచి, కొత్త నీటిని విడతలుగా కలిపాము. కుళాయి నీటిలోని క్లోరిన్ చేపల మొప్పలను కాలుస్తుంది గనుక దానిని విరిచే మందు కలిపిన తరువాతనే పోయాలి. వడపోత యంత్రాన్ని కడిగి నడిపించినంత మాత్రాన పని కాదు. చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రైట్‌గానూ, నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మార్చే సూక్ష్మజీవులు అందులో తిరిగి నెలకొనాలి. చలినీటిలో దానికి వారాలు పడుతుంది. మనవడూ నేనూ రోజు విడిచి రోజు గాజుగొట్టంలో నీరు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసి పలక మీద రాసుకొనేవాళ్లం. వాడు అంకెలను తెలుగులోనే చదివేవాడు.

అన్నిటికంటె కష్టమైన నియమం మేత పెట్టకుండుట. ఎండ కాసిన పూట చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. చూసిన ప్రాణం ఉసూరుమంటుంది. కాని నీటి వేడిమి 10 డిగ్రీల సెల్సియస్ దాటి నిలకడగా నిలిచేవరకు వాటికి మేత వేయరాదు. చల్లని ఒంట్లో అది అరగదు. ఆకలి గొన్నవానికి పెట్టకపోవటం పాపమని నేర్చిన మా ఇంటావిడకు ఇది నచ్చలేదు. మెతుకులు దాచిన చేతిని నేను రెండుసార్లు పట్టుకోవలసి వచ్చింది. ఏప్రిల్ చివర మొదటిసారి గోధుమ మొలకతో చేసిన తేలిక మేత నాలుగు పలుకులు వేశాము. తిక్కన అందరికంటె ముందు వచ్చాడు.

మేము బయలుదేరే ముందు వారం అల్లుడుగారు చెప్పాపెట్టకుండా ఒక సంచిలో వేలెడంత చేపపిల్లను తెచ్చారు. సంచిని కొలను నీటిలో కాసేపు తేలనిచ్చి, లోపలి నీరూ వెలుపలి నీరూ సమానమయ్యాక వదిలిపెట్టారు. పేరు పెట్టమని మనవడిని అడిగితే వాడు నా వైపు చూసి, "ఎర్రన. మిగిలింది వీడు పూర్తి చేస్తాడు" అన్నాడు. ఆరణ్యపర్వ శేషాన్ని పూరించినవాడు ఎర్రన అని వాడికి నేను చెప్పి అప్పటికి నాలుగు నెలలు. పరీక్ష పెట్టకుండానే పాఠం వచ్చిన విద్యార్థిని నా ఉద్యోగ జీవితంలో ఎందరినో చూడలేదు.

ఆ సంవత్సరం అక్టోబరులో అల్లుడుగారు వీడియోలో మాట్లాడుతూ, కొలను మీద వల పరవవచ్చునా అని నన్ను నవ్వుతూ అడిగారు. రెండు పొరలు పరవమన్నాను.