గ్రంజ్ ఛాయాచిత్రం: గీతలు, మరకలు, గరుకుతనాల చరిత్ర

ఫోటోను కావాలని పాతబడినట్టు, గీసుకుపోయినట్టు, మసిబారినట్టు మార్చే ఎడిటింగ్ పద్ధతిని గ్రంజ్ శైలి అంటారు. ఇలాంటి ఫోటోలో రంగులు వెలిసి ఉంటాయి, నీడలు చిక్కగా నల్లబడతాయి, ముఖం మీది ప్రతి ముడతా లేచి కనిపిస్తుంది. వాటన్నిటి మీదా తుప్పు, ధూళి, చిరుగు, సిరా మరకల పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. 1980ల చివర్లో అమెరికాలోని సియాటిల్ నగరంలో పేరు తెచ్చుకున్న రాక్ సంగీత ధోరణి నుంచి ఈ పేరు వచ్చింది. పద్ధతి మాత్రం అంతకు చాలా ముందు నుంచే ఉంది. ఫోటో తీయడం మరీ తేలికై, వచ్చిన బొమ్మ మరీ నున్నగా తయారైన ప్రతిసారీ ఎవరో ఒకరు దాని మీద గీతలు పెట్టారు. సూది, రసాయనం, జిరాక్స్ యంత్రం, కంప్యూటర్ ఇలా పనిముట్లు మారుతూ వచ్చాయి. గీత వెనక నిజమైన వస్తువేదో ఉన్నప్పుడే బొమ్మ నమ్మించిందని ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

నెగెటివ్ మీద సూది

1860లలో ఇంగ్లండులో జూలియా మార్గరెట్ కామెరాన్ తీసిన ముఖచిత్రాల్లో పలకకు పూసే కొలోడియన్ ద్రావణపు చారలు, వేలిముద్రలు, గాజు పలకల పగుళ్లు కనిపిస్తాయి. విమర్శకులు వాటిని చేతకానితనం అన్నారు. ఆమె అలాంటి పలకలను పారేయకుండా ముద్రించింది. అయితే అవి పనిలో పడిన మరకలు. కావాలని గీతలు పెట్టడం ఆ తర్వాతి తరంతో ఊపందుకుంది.

1888లో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా తెచ్చాక బటన్ నొక్కగలిగిన ప్రతివారూ ఫోటో తీయసాగారు. ఫోటోగ్రఫీ కళేనని వాదిస్తున్న పిక్టోరియలిస్టులు, చేతిపని కనిపిస్తే తప్ప తమ మాట నిలవదనుకున్నారు. న్యూయార్క్‌లో పుట్టి మ్యూనిక్‌లో చిత్రలేఖనం నేర్చిన ఫ్రాంక్ యూజీన్ చెక్కడపు సూదితో నేరుగా నెగెటివ్ మీదే గీసేవాడు. 1898లో తీసిన ఆయన 'ఆడమ్ అండ్ ఈవ్' 1910లో 'కెమెరా వర్క్' పత్రికలో అచ్చయింది. అందులో రెండు శరీరాల చుట్టూ సూది గీతలు అడ్డదిడ్డంగా పరుగెత్తుతాయి.

ప్యారిస్‌లో రొబేర్ డెమాషీ గమ్ బైక్రోమేట్ పద్ధతి పట్టాడు. తుమ్మబంకలో రంగుపొడి, బైక్రోమేట్ లవణం కలిపి కాగితానికి పూస్తారు. వెలుతురు తగిలినచోట బంక గట్టిపడుతుంది, తగలనిచోట నీళ్లలో కరిగిపోతుంది. ఆ తడి కాగితం మీద కుంచె ఆడించి ఏ భాగాన్నైనా తుడిచేయవచ్చు, చెదరగొట్టవచ్చు. నేడు సాఫ్ట్‌వేర్‌లో మాస్క్ మీద బ్రష్ తిప్పడానికి అసలైన పూర్వరూపం ఇదే. 1930లకు వచ్చేసరికి కాలిఫోర్నియాలోని ఎఫ్/64 బృందం వంటివారు నిశితమైన ఫోకస్‌నే ఆదర్శంగా నిలబెట్టారు. గీతల ఫోటోలు కొన్నాళ్లు వెనకబడ్డాయి.

టోక్యో వీధులు, లండన్ జిరాక్సులు

1968 నవంబరులో టోక్యోలో 'ప్రొవోక్' అనే చిన్న పత్రిక మొదలైంది. వచ్చినవి మూడు సంచికలే. వియత్నాం యుద్ధానికీ, అమెరికాతో భద్రతా ఒప్పందానికీ వ్యతిరేకంగా జపాన్ విద్యార్థులు వీధుల్లో ఉన్న కాలమది. తకుమా నకహిరా, యుతాకా తకనాషి, రెండో సంచిక నుంచి చేరిన దైదో మొరియామా వేసిన ఫోటోలు గరుకుగా, కదిలిపోయి, ఫోకస్ తప్పి ఉండేవి. ఈ మూడు లక్షణాలకూ జపనీయులు 'అరె, బురె, బొకె' అన్నారు. 1972లో మొరియామా 'ఫేర్‌వెల్ ఫోటోగ్రఫీ' పుస్తకంలో గీతలు పడ్డ నెగెటివ్‌లు, మామూలుగా చెత్తబుట్టకు పోయే ఫిల్ము కొసల ఫ్రేములు కూడా ముద్రించాడు. గ్రంజ్ శైలికి తాత ఎవరంటే నేను ఈ పుస్తకాన్నే చూపిస్తాను. ఫోటో అంటే ఒక వస్తువు, దానికీ దెబ్బలు తగులుతాయి అన్న ఆలోచనను ఇంత తెగించి చూపిన పుస్తకం దానికి ముందు లేదు.

ఈ గరుకుతనం ఫిల్ములోనే ఉంటుంది. ఫోటో ఫిల్ము మీద ఉండేది జెలటిన్‌లో చెదిరిన వెండి లవణపు రేణువులు. వెలుతురు చాలనప్పుడు ఫిల్మును డెవలపర్‌లో మామూలు కంటే ఎక్కువసేపు ఉంచితే కాంట్రాస్ట్ పెరిగి రేణువులు గుంపులుగా కనిపిస్తాయి. వెచ్చని ద్రావణంలోంచి తీసి ఒక్కసారిగా చల్లటి నీళ్లలో వేస్తే జెలటిన్ ముడుచుకుని, ఎండిన చెరువు అడుగులా సన్నని పగుళ్లు తేలుతుంది. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో లోపంగా రాసిన విషయం. కోరి చేసినవారికి అదే భాష అయింది.

లండన్‌లో పంక్ సంగీతాభిమానులకు డార్క్‌రూం కూడా అక్కర్లేకపోయింది. 1976లో వచ్చిన 'స్నిఫిన్ గ్లూ' వంటి పత్రికలు జిరాక్స్ మీదే బతికాయి. జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్ తీస్తూ పోతే మధ్యస్థపు బూడిద ఛాయలు మాయమై నలుపు, తెలుపు మిగులుతాయి. గాజు మీది దుమ్ము చుక్కలై పడుతుంది. 1977లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బృందం పాట అట్ట కోసం జేమీ రీడ్ ఎలిజబెత్ రాణి ఫోటో మీద కళ్లూ నోరూ చించి, కత్తిరించిన అక్షరాలు అతికించాడు.

సియాటిల్, ఆ తర్వాత

సియాటిల్ సబ్ పాప్ సంస్థ రికార్డులకు రూపం ఇచ్చిన ఫోటోగ్రాఫర్ చార్ల్స్ పీటర్సన్. వేదిక అంచున నిలబడి వైడ్ లెన్సుతో, ఫ్లాష్ వెలిగిస్తూనే షటర్‌ను నెమ్మదిగా తెరిచి ఉంచేవాడు. ఫ్లాష్ వెలుగుకు గాయకుడి ముఖం గడ్డకట్టినట్టు నిలిచిపోతుంది, హాల్లోని దీపాలు తీగల్లా సాగుతాయి. 1989లో వచ్చిన నిర్వాణా తొలి ఆల్బమ్ 'బ్లీచ్' అట్ట మీది ఫోటో ట్రేసీ మరాండర్ తీసింది. దాన్ని నెగెటివ్‌గానే అచ్చువేశారు. గమనించాల్సింది ఏమిటంటే, పేరు ఇచ్చిన ఈ సంగీతపు అసలు ఫోటోల్లో తుప్పూ లేదు, కాగితపు ముడతలూ లేవు. చెమట, కదలిక, నలుపు, తెలుపు మాత్రమే ఉన్నాయి.

ఆ మరకల పొరను తెచ్చినవారు గ్రాఫిక్ డిజైనర్లు. లండన్‌లో 4ఏడీ రికార్డు సంస్థకు వాన్ ఆలివర్ 1980లలోనే తుప్పురంగు, కుళ్లు, చీకటి కలిసిన అట్టలు చేశాడు. పిక్సీస్ బృందం అట్టలకు సైమన్ లార్బలెస్టియర్ తీసిన ఫోటోలు ఆ వరుసలోవే. 1992లో అమెరికాలో మొదలైన 'రే గన్' పత్రికలో డేవిడ్ కార్సన్ ఫోటోలను కోసి, అక్షరాలను ఒకదాని మీద ఒకటి ఎక్కించాడు. ఆయన అంతకుముందు సర్ఫింగ్ చేసినవాడు, సామాజికశాస్త్రం బోధించినవాడు. 1994లో ఒక ఇంటర్వ్యూ విసుగు పుట్టించిందని దాన్ని అక్షరాలకు బదులు గుర్తులే ఉండే జాఫ్ డింగ్‌బాట్స్ ఫాంటులో వేశాడు.

1995లో వచ్చిన డేవిడ్ ఫించర్ 'సెవెన్' సినిమా ఈ చూపును అందరి కళ్లకూ అలవాటు చేసింది. కైల్ కూపర్ రూపొందించిన టైటిల్స్‌లో అక్షరాలు చేత్తో గీకినవి. సినిమాకు కొన్ని ప్రింట్లు తీసేటప్పుడు వెండిని ఫిల్ములోనే ఉంచేశారు. రంగుల ఫిల్ము కడిగేటప్పుడు బ్లీచ్ దశలో వెండి తొలగి రంగులు మిగులుతాయి. ఆ దశను వదిలేస్తే రంగుల మీద ఒక నలుపు తెలుపు బొమ్మ కూడా ఉండిపోతుంది. దాంతో నీడలు చిక్కబడి రంగులు పాలిపోతాయి. 1960లో జపాన్ ఛాయాగ్రాహకుడు కజువో మియాగావా కోన్ ఇచికావా సినిమా 'ఒతోతో'కు చేసిన పద్ధతి ఇదే. నేటి ఎడిటింగ్ యాప్‌లలో 'బ్లీచ్ బైపాస్' పేరుతో దొరికే ఫిల్టర్ దీని అనుకరణ.

కంప్యూటర్‌లో మరకలు

థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రాసిన ఫోటోషాప్ 1990 ఫిబ్రవరిలో మార్కెట్లోకి వచ్చింది. గ్రంజ్‌ను మలుపు తిప్పింది 1994 నాటి మూడో వెర్షన్, అందులో వచ్చిన లేయర్లు. అప్పటినుంచి ఫోటో ఒక పొర, మరక ఇంకో పొర. రెండూ ఎలా కలవాలో చెప్పేది బ్లెండింగ్ మోడ్.

ఇక్కడ జరిగేది చిన్న లెక్క. నలుపును 0, తెలుపును 1 అనుకుందాం. మల్టిప్లైలో పై పొర, కింది పొర విలువలను గుణిస్తారు. తెల్లచోటు 1 కాబట్టి ఏమీ మారదు, నల్ల మరక మాత్రమే కిందికి దిగుతుంది. స్క్రీన్ దీనికి తిరగబడ్డ లెక్క: నల్లచోటు మాయమై తెల్ల గీత మిగులుతుంది. ఓవర్‌లేలో సరిగ్గా మధ్య బూడిద కనిపించకుండా పోతుంది, అంతకంటే ముదురు భాగం నీడను పెంచుతుంది, లేత భాగం వెలుగును పెంచుతుంది.

అందుకే పాత సిమెంటు గోడ ఫోటోకు ఓవర్‌లే నప్పుతుంది. తుప్పు రేకుకు, సిరా చిమ్మిన తెల్లకాగితానికి మల్టిప్లై కావాలి. కాగితపు ముడతలు కావాలంటే నల్ల చార్టు కాగితాన్ని ఉండచుట్టి మళ్లీ పరిచి, పక్కనుంచి దీపం పెట్టి ఫోటో తీస్తారు. లెవెల్స్‌లో నలుపును నొక్కేస్తే మడత గీతలే తెల్లగా మిగులుతాయి. దాన్ని స్క్రీన్ మోడ్‌లో వేస్తే ఏళ్లపాటు జేబులో నలిగిన ఫోటోలా కనిపిస్తుంది. చివరగా మాస్క్ పెట్టి, కళ్ల మీదా పెదవుల మీదా పడ్డ మరకలను మెత్తని బ్రష్‌తో తుడుస్తారు.

ఎక్కువమంది తప్పేది కొన్నిచోట్లే. ముఖం మీద వెలుగు కుడినుంచి పడుతూ, గోడ పెచ్చుల మీద వెలుగు ఎడమనుంచి పడితే కన్ను వెంటనే పసిగడుతుంది. తుప్పు పెచ్చు కంటిపాప కంటే పెద్దదిగా ఉన్నా అంతే. గ్రెయిన్‌ను ఫోటో సైజు తగ్గించాకే వేయాలి. ముందే వేస్తే పక్కపక్క పిక్సెళ్లు కలిసిపోయి అది బురదగా మారుతుంది.

2000లలో పోలండ్ భౌతిక శాస్త్రవేత్త ఆంద్జెయ్ ద్రాగన్ తీసిన ముఖచిత్రాలు ఈ శైలిని మరో దారి పట్టించాయి. వాటి మీద అతికించిన మరకలు ఉండవు. ముఖంలో ఉన్న ముడతలకే వెలుగు, నీడ పెంచి, ఒక్కో రేఖను లోతు చేస్తాడు. 'ద్రాగన్ ఎఫెక్ట్' పేరుతో దాన్ని నేర్పే పాఠాలు వెల్లువెత్తాయి. 2007లో అడోబీ లైట్‌రూమ్‌లో వచ్చిన 'క్లారిటీ' స్లైడర్ అలాంటి లోతునే ఒక్క కదలికతో ఇవ్వసాగింది. మధ్య ఛాయల్లోని కాంట్రాస్ట్‌ను అది పెంచుతుంది. ద్రాగన్ ఒక ముఖం ముందు గడిపిన ఓపిక మాత్రం ఆ స్లైడర్‌లో లేదు. ఆ కాలపు వేలాది ఫోటోల్లో పసిపిల్లల బుగ్గలు కూడా సిమెంటు పూసినట్టు ఉండటానికి కారణం అదే.

ఫోన్లలోకి గ్రంజ్ శైలి హిప్‌స్టమాటిక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లతో 2010 ప్రాంతంలో దిగింది. 2011లో వచ్చిన స్నాప్‌సీడ్‌లో 'గ్రంజ్' అన్న ఫిల్టరే విడిగా ఉంది. మన సినిమా పోస్టర్లలోనూ ఇప్పుడిది మామూలైంది. మాస్ సినిమా ఫస్ట్ లుక్‌లో బీటలు వారిన అక్షరాలు, ధూళి, మసి, రాగిరంగు నీడలు లేకపోవడమే అరుదు. ఒకప్పుడు కుంచెతో బుగ్గలు గులాబీరంగులో నున్నగా దిద్దిన పోస్టర్ కళకు ఇది పూర్తిగా ఎదురుదిశ.

వార్తాఛాయాచిత్రాల్లో

పత్రికా ఫోటోలో గ్రంజ్ ఎంతవరకు చెల్లుతుందన్న వాదన ఇంకా తేలలేదు. న్యూయార్క్ టైమ్స్ ఫోటోగ్రాఫర్ డేమన్ వింటర్ అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా సైనికులను ఐఫోన్‌లో హిప్‌స్టమాటిక్‌తో తీశాడు. ఆ ఫోటోలకు 2011లో పిక్చర్స్ ఆఫ్ ది ఇయర్ పోటీలో మూడో బహుమతి వచ్చింది. యాప్ వేసిన రంగు నిజాన్ని మార్చిందని కొందరు తప్పుపట్టారు. ఏ ఫిల్మును ఎంచుకోవడమైనా అలాంటిదేనని మరికొందరు అన్నారు.

అంతకు ఏడాది ముందు వరల్డ్ ప్రెస్ ఫోటోలో జరిగినది మరింత ముఖ్యమైనది. కీవ్ వీధి పోరాటాల మీద బహుమతి పొందిన ఒక ఉక్రెయిన్ ఫోటోగ్రాఫర్, రంగుల ఫోటోను బాగా కత్తిరించి, నలుపు తెలుపులోకి మార్చి, దట్టమైన గరుకుతనం ఎక్కించాడు. నిర్వాహకులు బహుమతి రద్దు చేశారు. కారణం ఆ గరుకుతనం కాదు, కత్తిరింపూ కాదు. చేతికి కట్టు కడుతున్న దృశ్యంలో వేళ్ల వెనక కనిపించిన ఒక పాదపు ముక్కను చెరిపేయడమే కారణం. ఛాయలు మార్చడం కంటే వస్తువును తీసేయడం పెద్ద తప్పని ఆ తీర్పు చెప్పినా, ఛాయల మార్పుకు ఎక్కడ గీత గీయాలో చెప్పలేదు. ఆ పోటీలో తుది దశకు చేరినవారు నేడు కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలును కూడా ఇవ్వాలి.